గుండులేని తూటా – మొరాయించు తుపాకి

సైన్యమున పనిచేసి వచ్చిన వృద్ధుడెవరైన కాలధర్మము నొందినప్పుడు, లేక విధి నిర్వహణలో పోలీసు జవానొకడు ప్రాణము విడిచినప్పుడు, శ్మశానవాటికయందు తుపాకులను ఆకాశమువైపు ఎత్తి మూడు మారులు కాల్చుట శ్రోతలలో పలువురు చూచియే యుందురు. తాడేపల్లిగూడెమునకు చేరువనున్న మాధవరము వంటి ఊళ్లలో – ఆ ఊరికి మిలిటరీ మాధవరమనియే పేరు – ఈ దృశ్యము పిల్లలకును క్రొత్త కాకపోవచ్చును. ఆ మ్రోతకు చెట్లమీది కొంగలు లేచిపోవును, చంకలోని పసిబిడ్డలు ఉలికిపడుదురు, పెద్దలు కన్నులొత్తుకొందురు. అట్టి సమయమున తుపాకి పేలక, ‘టక్కు’మని ఊరకున్నచో ఎట్లుండును? నేటి ప్రసంగమున మేము చెప్పదలచినది ఆ ‘టక్కు’ను గూర్చియే.

ఇది ఎక్కడనో ఒకచోట జరుగు వింత కాదు. 2019వ సంవత్సరము ఆగస్టు 21వ తేదీన, బీహారు రాష్ట్రము సుపౌల్ జిల్లాలో, ఆ రాష్ట్ర మాజీ ముఖ్యమంత్రి జగన్నాథ మిశ్ర అంత్యక్రియలు ప్రభుత్వ లాంఛనములతో జరిగినవి. వందనమునకై ఎత్తిన 22 తుపాకులలో ఒక్కటియైనను పేలలేదు. మరునాడు ఆ వార్తను చదివి దేశమున నవ్వినవారు పెక్కుమంది. మాకు నవ్వు రాలేదు. మేమును ఒకప్పుడు అట్టి వరుసను నడిపినవారమే. అట్టి నిశ్శబ్దమును విన్నవారమే.

అది 1980 దాటిన తొలి సంవత్సరములనాటి మాట. ఒక డెల్టా గ్రామమున రిటైరయిన సుబేదారుగారొకరు స్వర్గస్థులైరి. ఏడుగురు జవానులను, ఏడు త్రీ నాట్ త్రీ రైఫిళ్లను, 21 బ్లాంకు తూటాలను వెంటబెట్టుకొని మేము వెళ్లితిమి. శ్రావణమాసము. మూడు దినములుగా ముసురు. పాడెను చితి ప్రక్కన దింపిరి. మేము ఆజ్ఞ ఇచ్చితిమి. మొదటి మారు ఏడు తుపాకులకు ఏడును ఏకకంఠముగ పేలినవి. రెండవమారు అయిదు మాత్రమే పలికినవి. రెండింటికి నోరు రాలేదు. ఆ ఇద్దరు కుఱ్ఱవాండ్రును కంగారుపడి బోల్టులతో పెనుగులాడసాగిరి. ఆ పెనుగులాటలో ఒకని తుపాకి మూతి మెల్లమెల్లగా క్రిందికి దిగి, జనము నిలిచియున్న గట్టువైపు తిరిగినది. అది చూచినంతనే మేము ‘ఖాలీ కర్’ అని కేకవేసితిమి. మూడవ వాలీ జరుగనే లేదు.

సాయంకాలము సెలవు పుచ్చుకొనుటకు పోగా, సుబేదారుగారి భార్య, ముదుసలి, అరుగుమీద కూర్చుండి, “ఏం బాబూ, రెండే వినపడ్డాయి? మూడుసార్లు కాలుస్తారని ఆయన చెప్పేవారే!” అని అడిగినది. “వాన వల్లనమ్మా,” అంటిమి. ఆ తల్లి తల ఊపినది. మేము చెప్పిన ఆ మాట సగమే నిజము. మిగిలిన సగమును ఈనాడు చెప్పెదము.

ముందుగా బ్లాంకు తూటా యన నేమో తెలియవలెను. మామూలు తూటాకు నాలుగు అంగములుండును: ఇత్తడి గొట్టము, దాని అడుగున చిన్న క్యాపు, లోపల మందు, మూతియందు గుండు. తుపాకి మీటను నొక్కినప్పుడు బోల్టులోని పిన్ను క్యాపును కొట్టును. క్యాపులోని నిప్పు మందును అంటుకొనును. మందు ఆవిరియై గుండును తరుమును. బ్లాంకు తూటాలో కడపటిది, అనగా గుండు, ఉండదు. ఇత్తడి మూతిని పూవు మొగ్గవలె ముడిచి నొక్కివేయుదురు. పేలునప్పుడు ఆ మొగ్గ విచ్చుకొనును. మందు వాయువు గొట్టమునుండి మ్రోతతో వెలుపలికి దూకును. అంతే. గుండు లేదు గనుక చిక్కులును లేవని లోకులు తలంతురు. నిజము ఇందుకు వ్యతిరేకము. తుపాకిని చేసినవాడు గుండుగల తూటాకొరకు చేసెను. గుండులేనిది దానిలో పరాయి బిడ్డ.

ఎట్లందురా? త్రీ నాట్ త్రీ తూటా గుండుతో కలిసి సుమారు మూడు అంగుళముల పొడవు. గొట్టము మాత్రమైనచో రెండుంబావు అంగుళములకు లోబడియే యుండును. తుపాకి క్రింది మ్యాగజైను పెట్టె ఆ పెద్ద పొడవునకు కొలతవేసి చేసినది. ఆ పెట్టెలో పొట్టి తూటాలను వేసితిమేని, అవి చెక్కపెట్టెలో చిల్లర డబ్బులవలె ముందునకును వెనుకకును జరుగును. ఇక్కడనే ఒక సూక్ష్మము కలదు. త్రీ నాట్ త్రీ తూటా అడుగున చుట్టును గాజువంటి అంచు ఒకటి పొడుచుకొని వచ్చియుండును. పెట్టెలో తూటాలు ఒకదానిపై ఒకటి పడుకొన్నప్పుడు, పై తూటా అంచు క్రింది తూటా అంచునకు ముందుండవలెను. అప్పుడు బోల్టు పైదానిని త్రోయగా అది సులువుగ జారిపోవును. పై తూటా అంచు వెనుకబడినచో, అది క్రిందిదాని అంచును కొక్కెమువలె పట్టి తనతోపాటు లాగబోవును. రెండును నడుమ ఇరుక్కొనును, బోల్టు కదలదు. మనవాడు ఎంత శక్తితో త్రోసిన అంత బిగియును. పొట్టితూటాలు పెట్టెలో జరుగుచుండును గనుక, సరిగా పేర్చినవియు, జవాను నాలుగడుగులు కవాతు నడచినంతనే తారుమారు కావచ్చును. ఆనాడు మా రెండు తుపాకులలో ఒకదానికి పట్టిన రోగమిదియే.

సైన్యమునందును ఎన్.సి.సి.యందును దీనిని ‘రోక్’ అందురు. అనగా అడ్డు, ఆటంకము. దానిని తొలగించు పద్ధతికి ‘తురంత్ కార్రవాయీ’ అని పేరు. ‘తురంత్’ అన్నారు గదాయని తొందరపడుట కాదు. వైద్యుడు నాడి చూడక మందు ఇచ్చునా? తుపాకికిని నాడి కలదు. అది బోల్టు పిడి. బోల్టు ఎక్కడ ఆగినదో చేతికి తెలిసినచో రోగము ముప్పాతిక తెలిసినట్లే.

బోల్టు నిండుగ మూసికొని, మీట నొక్కగా ‘టక్కు’మని మాత్రము శబ్దము వచ్చినదా, అది తూటా దోషమో, పిన్ను దోషమో అయియుండును. బోల్టు సగము దూరము పోయి ఆగినదా, తూటా మూతి చేంబరు గడపకు తగిలినదో, ఇంతకుముందు చెప్పిన అంచుల కొక్కెము పడినదో అనుకొనవలెను. చివరివరకు పోయి, పిడి మాత్రము క్రిందికి దిగక మొండికెత్తినదా, చేంబరులో మసియో, సొట్టపడిన తూటాయో ఉన్నది. పేలిన తరువాత బోల్టు వెనుకకు రాకున్నచో, ఖాళీగొట్టము – జవానుల మాటలో ‘ఖోఖా’ – చేంబరు గోడలకు అంటుకొన్నది. బోల్టు తేలికగా వచ్చియు ఖోఖా రాకున్నచో, దానిని పట్టిలాగు గోరు, అనగా ఎక్స్‌ట్రాక్టరు, అరిగినదో, దానిక్రింద మసి చేరినదో చూడవలెను.

ఏ రోక్‌కైనను మొదటి పని ఒక్కటియే: తుపాకి మూతిని ఉన్నచోటనే, జనము లేని దిక్కునకే నిలుపవలెను, వ్రేలిని మీటనుండి తీయవలెను. ఇది చెప్పుటకు సులువు. చేయి బోల్టుమీదను, కన్ను బోల్టుమీదను, మనస్సు పై అధికారి కోపముమీదను ఉన్న కుఱ్ఱవానికి మూతి ఎటుపోవుచున్నదో తెలియదు. మా జవాను చెడ్డవాడు కాడు. వానికి మేము ఇది అలవాటు చేయలేదు.

తరువాత, పేలని తూటా సంగతి. మీట నొక్కినను పేలనిచో వెంటనే బోల్టు తెరువరాదు. క్యాపులోని నిప్పు ఒక్కొక్కప్పుడు కొంత జాగుచేసి మందును అంటుకొనును. వెంటనే తెరచినచో తూటా చేంబరు వెలుపల పేలి, ఇత్తడి తునుకలు కన్నులకు తగులవచ్చును. అర నిముసము ఓర్వవలెను. ఆ పిమ్మట త్రీ నాట్ త్రీయందు ఒక సదుపాయము కలదు. బోల్టు తెరువకయే, దాని వెనుకనున్న కాకింగ్ పీసును వ్రేళ్లతో వెనుకకు లాగి, మరల మీట నొక్కవచ్చును. రెండవ దెబ్బకు పేలినచో పిన్నుకు బలము చాలలేదని అర్థము. అప్పటికిని పేలనిచో, మరల అర నిముసము ఆగి, తూటాను తీసి క్యాపును పరికింపవలెను. క్యాపుమీద గుంట లోతుగ పడినదా, దోషము తూటాది, తడిసినదో, పాతబడినదో. గుంట తేలికగా పడినదా, దోషము తుపాకిది.

ఆ రాత్రి లాంతరు వెలుగున మా రెండవ తుపాకి తూటాను తీసి చూచితిమి. గుంట చుక్కవలె తేలికగా నున్నది. బోల్టు విప్పి చూడగా పిన్ను స్ప్రింగు నిండుగ నూనె, నూనెతో కలిసిన దుమ్ము, జిగురువలె పట్టియున్నది. ఆ నూనె పోయించినవారెవరు? మేమే. ముసురు పట్టినది, తుపాకులు తుప్పుపట్టునేమోయని, బయలుదేరుటకు ముందు “బాగా పోయండి” అని చెప్పితిమి. ఎందులకు పోయవలెనో, ఎచ్చట పోయగూడదో చెప్పలేదు. చిక్కని నూనె పిన్ను వేగమును చంపును. ఊరి ఊరి క్యాపు సందులోనికి దిగినచో క్యాపులోని రసాయనమునే చల్లార్చును. వాన వల్లనేయని ఆ తల్లితో అన్నది ఇందువలన సగము నిజము. వానకు భయపడి మేము చేసిన పని వలన, అని చెప్పవలసినది.

అంచుల కొక్కెము పడినప్పుడు చేయవలసినది వేరు. బలముతో త్రోయుట కూడదు. బోల్టును రవంత వెనుకకు లాగి, పై తూటాను బొటనవ్రేలితో క్రిందికి నొక్కి, తిరిగి మెల్లగ త్రోసిచూడవచ్చును. లొంగనిచో మీట చట్రము లోపల ముందువైపుననున్న చిన్న మీటను నొక్కి మ్యాగజైను పెట్టెనే ఊడదీయవలెను. పెట్టె చేతికి వచ్చిన తరువాత ఇరుకు తానే వీడును. తూటాలన్నియు తీసి, అంచులు సరిచూచి, తిరిగి పేర్చి, పెట్టె వెనుక గోడను అరచేతితో రెండుమార్లు తట్టినచో అన్నియు వెనుకకు సర్దుకొనును. అయితే ఇది మైదానమున చేయదగిన పని. చితి ముందర కాదు. గౌరవ వందనమునకు మేము తరువాత అవలంబించిన పద్ధతి సులభము: పెట్టెలో ఏమియు వేయకుండ, ఒక్కొక్క తూటాను చేతితో చేంబరులోనికే జార్చుట. తొలినాళ్ల త్రీ నాట్ త్రీలో పెట్టెకు అడ్డముగ నిలుచు కటాఫ్ అను రేకు ఒకటి ఈ పనికే ఉండెడిది. మొదటి ప్రపంచ యుద్ధకాలమున తయారీ తొందరలో దానిని మానివేసిరి. పూర్వులు చేసినదానిలో అప్పుడప్పుడు అర్థము కనబడును.

మసి సంగతియు కొంత చెప్పవలెను. మామూలు తూటా పేలినప్పుడు వాయువు ఒత్తిడికి ఇత్తడి గొట్టము ఉబ్బి చేంబరు గోడలకు అతుక్కొనును. వాయువు వెనుకకు రాజాలదు. బ్లాంకు తూటాలో గుండు అడ్డు లేదు గనుక ఒత్తిడి చాలదు. గొట్టము ఉబ్బదు, దానికిని గోడకును నడుమనుండి మసి వెనుకకు ప్రాకును. పేలిన బ్లాంకు ఖోఖాను చూడుడు, మెడనుండి నడుమువరకు నల్లగానుండును. పది పదునైదు కాల్చునప్పటికి చేంబరు వంటయింటి పొగగూడువలె తయారగును. తరువాతి తూటా దూరదు; దూరినది రాదు. దీనికి మందు చిందీ గుడ్డయే.

ఇక స్వయంచాలకమైన తుపాకులు. 1960 దశకమునుండి మన సైన్యమున వాడుకకు వచ్చిన ఎస్.ఎల్.ఆర్., దాని తరువాత 1990 దశకమున వచ్చిన ఇన్సాస్, ఇవి పేలిన తూటా వాయువునుండియే కొంత బలము తీసికొని, ఖోఖాను తామే విసరివేసి, క్రొత్త తూటాను తామే నింపుకొనును. గొట్టములోనుండి గుండు పోవుచున్నంతసేపు వాయువు దానివెనుక బంధింపబడియుండును. ఆ బంధింపబడిన వాయువే పిస్టనును త్రోయును. గుండే లేనప్పుడు వాయువు తలుపులు తీసిన ఇంటిలో గాలివలె ముందరినుండి పోవును. పిస్టను కదలదు. కావున గొట్టము మూతికి ఒక బిరడావంటి పరికరమును బిగింతురు. దానిలో సన్నని రంధ్రము మాత్రముండును. అది వదులైనను, ఆ రంధ్రము మసితో మార్పుచెందినను, తుపాకి సగము పనిచేసి ఖోఖాను నడుమ కరచిపట్టుకొనును. ఎస్.ఎల్.ఆర్.కు వాయువును హెచ్చుతగ్గులు చేయు రెగ్యులేటరు కలదు. దానిని ఒక మెట్టు బిగించినచో తరచు సరిపోవును. బిరడా లేకుండ వందనము కాల్చువారు ప్రతి తూటాకును చేతితోనే కాక్ చేయుదురు, అదియు మంచిదే. ఆ బిరడా బిగించియున్న తుపాకిలో గుండుగల తూటా పొరపాటున పడినచో ఏమగునో వర్ణింప నక్కరలేదు. అందువలననే బ్లాంకు తూటాలున్న గదిలోనికి అసలు తూటాను రానీయకూడదు.

గుండులేని తూటా ప్రాణము తీయదనుకొను శ్రోతలుందురు. 1984 అక్టోబరులో అమెరికా నటుడు జాన్ ఎరిక్ హెక్సమ్ చిత్రీకరణ విరామమున, బ్లాంకు తూటా నింపిన రివాల్వరును వేడుకగ తన కణతకు ఆనించి మీట నొక్కెను. వాయువు దెబ్బకే పుఱ్ఱె పగిలి మరణించెను. 1993 మార్చి 31న బ్రాండన్ లీ అను నటుడు మరియొక విధమున పోయెను. అంతకుముందు వాడిన ఉత్తుత్తి తూటాకు క్యాపు మిగిలియుండి, దానిబలమున గుండొకటి గొట్టము నడుమ ఇరుక్కొని యుండెను. ఎవరును గొట్టములోనికి చూడలేదు. పిమ్మట బ్లాంకు తూటా నింపి కాల్చగా, ఆ వాయువు ఇరుక్కొనియున్న గుండును వెలుపలికి తరిమెను. ఈ రెండవ కథను మేము ప్రతి జట్టుకును చెప్పుచుండెడివారము. బోల్టు తీసి, గొట్టమును ఆకాశమువైపు పట్టి, వెలుగు గుండ్రముగ కనబడునా లేదాయని చూచుటకు పట్టు కాలము ఎంత? ఊపిరి ఒకమారు పీల్చినంత.

ఆనాటి తరువాత మేము ఏ వందనమునకు పోయినను, ముందునాటి రాత్రియే తూటాలను బల్లపై పరచి ఒక్కొక్కదానిని చూచెడివారము. మొగ్గ విచ్చినది, సొట్టపడినది, ఆకుపచ్చ చిలుము పట్టినది ప్రక్కకు. మిగిలినవానిలో ప్రతిదానిని బోల్టు తీసిన చేంబరులోనికి జార్చి, అడ్డులేక పోవునా యని చూచెడివారము. పిన్నును, స్ప్రింగును పొడిగుడ్డతో తుడిచి పొడిగనే విడుచువారము. ఏడుగురు కావలసినచోట తొమ్మండుగురను తీసికొనిపోయెడివారము. గట్టుమీది జనమును తుపాకుల ముందరనుండి తప్పించి ప్రక్కకు నిలిపెడివారము. పది పదునైదు గజముల లోపల మూతికి ఎదురుగ ఎవరును ఉండరాదని మా నియమము. మరియొకటి: ఎవని తుపాకియైన పేలనిచో, వాడు బోల్టును ముట్టక, తుపాకిని ఎత్తినది ఎత్తినట్లే పట్టుకొని, తక్కినవారితోపాటు నిలువవలెను. మిగిలిన తుపాకుల మ్రోతలో ఒకదాని మౌనము ఎవరికిని వినబడదు. వినబడునది కంగారే. ఈ ఉపాయము మా కానాడు తోచియుండినచో, అయిదు తుపాకులతో మూడవ వాలీ నిరాటంకముగ జరిగియుండెడిది.

ఆ సాయంకాలము లెక్క తేల్చితిమి. 12 ఖోఖాలు, 9 పేలని తూటాలు, మొత్తము 21. లెక్క సరిపోయినది. పిదప తుపాకులను కడుగవలెను. పాతకాలపు త్రీ నాట్ త్రీ తూటాల క్యాపులు పేలినప్పుడు ఒక విధమైన ఉప్పు గొట్టములో మిగులును. అది గాలిలోని తేమను పీల్చి రాత్రికి రాత్రే తుప్పు పట్టించును, నూనెకు కరగదు. మరగకాచిన నీటిని గొట్టములో పోసి, తరువాత పుల్‌త్రూ త్రాటికి చిందీ గుడ్డ తగిలించి లాగి, ఆరిన పిమ్మటనే నూనె వ్రాయవలెను. సుబేదారుగారి ఇంట ఆ దినము పొయ్యి రాజేయరాదు గనుక, పొరుగింటివారు నీరు కాచి యిచ్చిరి. ఆ ముదుసలి అరుగుమీదనుండి కదలక చూచుచుండెను. మొదటి బిందె చాలలేదు. పొరుగింటి ఇల్లాలు అడుగకయే రెండవది తెచ్చి దింపినది. ఏడు తుపాకులును కడుగునప్పటికి చీకటిపడినది.